వాసన చూడని మూత

ముక్కు మాస్టారు బడిలో పాఠాలు చెప్పిన మనిషి కాదు. డెయిరీలో పాలు పరీక్ష చేసేవాడు. పొద్దున్నే రైతులు తెచ్చిన క్యాన్లు గట్టు మీద వరసగా నిలబడితే, ఒక్కో మూతా ఎత్తి వాసన చూసి, ఇది లోపలికి, అది వెనక్కి అని తేల్చడం ఆయన ఉద్యోగం. మూత లేచిన క్షణంలోనే ముక్కు అక్కడ ఉండాలి. రెప్పపాటు ఆలస్యమైనా లోపలి గాలి బయటి గాలిలో కలిసిపోతుంది, ఇక క్యాను ఏమీ చెప్పదు. ఆ తర్వాత చిన్న గరిటెడు నోట్లో పోసుకుని, నాలుక మీద ఒక తిప్పు తిప్పి, పక్కనున్న తొట్టిలో ఉమ్మెయ్యాలి. మింగకూడదు. మింగుతూ పోతే పదో క్యాను దగ్గరికొచ్చేసరికి నాలుక మొద్దుబారుతుందని ఆ వృత్తిలో నియమం. ఈ ఉమ్మే సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు దాంతో పనుంది.

ఆయన ముక్కు గురించి చెప్పుకునే కథలు వింటే కుక్కలు సిగ్గుపడాలి. ఒకసారి మూత ఎత్తి, "ఈ ఆవు పేపరు తిన్నది" అన్నాడట. రైతు ఒప్పుకోలేదు. మళ్ళీ ఒకసారి వాసన చూసి, "ఆదివారం పేపరు, సినిమా పేజీ" అన్నాడట. రైతు ఇంటికి పోయి చూసుకుంటే మిగతా పేజీలన్నీ ఉన్నాయట, అదొక్కటే లేదట. ఇంకో రైతు క్యాను దగ్గర ముక్కు చిట్లించి, పాలు పితికిన చేతికి పెళ్ళాంతో మాటల్లేవని చెప్పాడట. ఆ రైతు అక్కడే గట్టు మీద కూలబడి, నాలుగు రోజులైంది మాస్టారూ అని కళ్ళు తుడుచుకున్నాడట. ఇందులో నిజమెంతో ఆ తొట్టికే తెలియాలి. కానీ ఆయన వెనక్కి పంపిన క్యానును యంత్రంలో పెట్టి చూస్తే యంత్రం కూడా వెనక్కే పంపేది. అందుకే ముప్ఫై నాలుగేళ్ళలో ఏ రైతూ ఆయన మాటకు ఎదురు చెప్పలేదు. ఆయన కూడా తనకు తెలియదన్న మాట ఎన్నడూ అనలేదు.

ఇంత ముక్కు ఉన్న మనిషికి రోజూ ఒళ్ళు మండించే వాసన ఒకటుంది. గేటుకు సరిగ్గా ఎదురుగా, రోడ్డు అవతల నుంచి వచ్చే నానిన గింజల వాసన. అక్కడ బాయిలరాయన దుకాణం. ఓట్స్, సోయా, బాదం నానబెట్టి, రుబ్బి, గుడ్డలో వడగట్టి, సీసాల్లో పోసి గింజపాలని అమ్ముతాడు. ఒకప్పుడు ఇదే డెయిరీలో బాయిలరు చూసిన మనిషి. పైగా మాస్టారికి స్వయానా తోడల్లుడు. బాయిలరాయన భార్య అక్క, మాస్టారి భార్య చెల్లెలు. వరసకు అన్నదమ్ముల్లాంటి వాళ్ళు. ఒకరి నీడ ఒకరి మీద పడితే ఆ చొక్కా ఉతికించుకునేవాళ్ళు.

మాస్టారు గేటు పక్కన ఒక బోర్డు పెట్టించాడు: "ఎముకలున్నవాళ్ళు ఇటు." మర్నాడే ఎదుటి దుకాణం మీద ఇంకో బోర్డు లేచింది: "కడుపున్నవాళ్ళు ఇటు." అక్కడినుంచి మొదలు. గింజపాలు తాగిన ఒక కుర్రాడు గోడకు ఆనుకుని నిలబడితే తడిసిన అట్టలా ఒంగిపోయాడని, అతన్ని చుట్టచుట్టి ఇంటికి తీసుకెళ్ళారని మాస్టారు చెప్పేవాడు. ఆవుపాలు తాగిన ఒక ఆసామికి కడుపు ఎంత ఉబ్బిందంటే, గాలికి లేచిపోకుండా నడుముకు తాడు కట్టి మంచానికి ముడివేశారని బాయిలరాయన చెప్పేవాడు. వీధి చివర క్లినిక్ డాక్టరమ్మ ఒకరోజు రోడ్డు మధ్యలో నిలబడి ఇద్దరినీ కలిపి దులిపేసింది.

"ఇద్దరివీ కోతలే. పాలలో ఉండే చక్కెరను అరిగించే గుణం కొందరి పేగుల్లో వయసుతో పాటు తగ్గిపోతుంది. వాళ్ళకి పాలు పడవు. ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి, ఆ తర్వాత పరుగు. ప్రాణం మీదికి రాదు, పరువు మీదికి వస్తుంది. పడేవాళ్ళకి పాలు మంచివే, హాయిగా తాగొచ్చు. గింజపాలు కూడా మంచివే, కాకపోతే అందులో కాల్షియం కలిపారో లేదో సీసా మీది చీటీ చూసి కొనుక్కోవాలి. చంటిపిల్లలకి మాత్రం తల్లిపాల బదులు అవి పోయకూడదు. ఇంతే సంగతి. దీనికి బోర్డులెందుకు?"

బోర్డులెందుకో ఆమెకు తెలియదు. తెలియాలంటే పదకొండేళ్ళు వెనక్కి పోవాలి.

అప్పటికి బాయిలరాయన ఇంకా డెయిరీలోనే ఉన్నాడు. ఆయనకు పాలు పడవు. ఎవరితోనూ అనలేదు, పాలు తిండి పెడుతున్న చోట ఆ మాట ఎలా అంటాడు? ఇంట్లో భార్య సోయా రుబ్బి ఒక సీసాలో పోసిస్తే బాయిలరు గదిలో మూలన దాచుకుని తాగేవాడు. ఒకనాడు మాస్టారు ఆవిరి సంగతి అడగడానికి ఆ గదికి వెళ్ళి సీసా చూశాడు. మూత ఎత్తాడు. ముక్కు పెట్టాడు. మూత మళ్ళీ బిగించి బయటికొచ్చాడు.

నెల తిరగకుండా బాయిలరాయన పదవీ విరమణ వచ్చింది. సభలో మాస్టారు లేచి కొత్త ఆచారం ఒకటి ప్రకటించాడు. డెయిరీ ఉప్పు తిన్నవాడు వెళ్ళేముందు, ఆ రోజు వచ్చిన మొదటి క్యానులోంచి లీటరు జగ్గు నిండా పాలు, కింద పెట్టకుండా, అందరి ఎదుటా తాగి వెళ్ళాలి. హాలంతా చప్పట్లు. మాస్టారు స్వయంగా జగ్గు నింపి తెచ్చి, నవ్వుతూ, "తాగు అన్నయ్యా, మన పాలు" అని చేతికిచ్చాడు. వద్దంటే మూడొందలమంది ముందు డెయిరీని తిట్టినట్టు. బాయిలరాయన తాగాడు. మేనేజరు ఉపన్యాసం ముప్పావుగంట. మరుగుదొడ్లు పై అంతస్తులో, పదమూడు మెట్లెక్కాలి. ఐదో మెట్టు దాకా వెళ్ళగలిగాడు. మిగతాది చెప్పుకోవడం మర్యాద కాదు. కానీ డెయిరీ చెప్పుకుంది. ఆ మెట్టుకు "బాయిలరు మెట్టు" అని పేరు పెట్టింది మాస్టారే. ఆ పేరు ఎంత పాతుకుపోయిందంటే, కొత్తగా చేరినవాళ్ళకు కూడా, బాయిలరు మెట్టు దగ్గర జాగ్రత్త, తడిగా ఉంటుంది అని చెప్పి నవ్వేవాళ్ళు.

మూడు వారాల్లో ఎదురుగా దుకాణం లేచింది. రెండిళ్ళకూ రాకపోకలు తెగిపోయాయి. అక్కాచెల్లెళ్ళు మాత్రం ప్రతి గురువారం పదింటికి కూరగాయల మార్కెట్టులో అనుకోకుండా కలుసుకునేవాళ్ళు. పదకొండేళ్ళు, ఒక్క గురువారం తప్పకుండా, అనుకోకుండానే.

ఇక అసలు రహస్యం. మాస్టారికి కూడా పాలు పడవు.

నలభై రెండో ఏట మొదలైంది. ఒక గ్లాసు తాగితే చాలు, కడుపులో ఎవరో గుడారం లేపుతున్నట్టుండేది. చీకటి పడ్డాక క్లినిక్కు వెనక గుమ్మంలోంచి వెళ్ళి చూపించుకున్నాడు. డాక్టరమ్మ పైన చెప్పిందే చెప్పింది, ఎవరికీ చెప్పనని మాట కూడా ఇచ్చింది. ఉద్యోగానికి ఇబ్బంది రాలేదు, ఎందుకంటే పరీక్ష చేసేవాడు ఉమ్మెయ్యాలనే కదా నియమం. పద్దెనిమిదేళ్ళుగా ఆయన గొంతు దిగి ఒక్క చుక్క వెళ్ళలేదు. బయట మాత్రం రోజూ పొద్దున్నే లీటరు తాగుతానని, అందుకే తన దంతాలతో సీసా మూతలు తీయగలనని చెప్పేవాడు. ఈ సంగతి ఇంట్లో భార్యకు తెలుసు. ఆయనకు నల్ల టీ పెట్టి, తనకోసం పాలు విడిగా కాచుకునేది. ఆ కాచే గిన్నె ఒకవైపు సొట్టపోయింది. ఎంత కనిపెట్టుకుని ఉన్నా ఆ సొట్ట దగ్గర పాలు అడుగంటుతాయి. ఆ మాడు వాసనకు మాస్టారు వంటింట్లోంచి లేచి వీధిలోకి పోయేవాడు. గిన్నె పారెయ్యమని ఆయన, పారెయ్యనని ఆవిడ. ఆ తగువు వయసు వాళ్ళ కాపురం వయసంతా.

ఇప్పుడు ఆయనకు అరవై నిండుతున్నాయి. జగ్గు వంతు ఆయనకొచ్చింది.

ఈ పదకొండేళ్ళలో తొమ్మిదిమంది ఆ జగ్గు తాగి వెళ్ళారు. వ్యాను డ్రైవరైతే రెండు తాగి మూడోది అడిగాడు. ఆచారం పుట్టించినవాడే తాగే రోజు కాబట్టి రైతులంతా వస్తామని కబురు పెట్టారు. దానికి తోడు మేనేజరు ఒక కొత్త వ్యాను మీద మాస్టారి బొమ్మ వేయించాడు. చేతిలో గ్లాసు, పెదవి మీద పాలనురగ మీసం, కింద "ముక్కు మాస్టారు తాగే పాలు" అని బారెడు అక్షరాలు. సభ అయ్యాక పైన కప్పిన గుడ్డ తీసి ఊరంతా తిప్పాలని ఏర్పాటు. జగ్గు తాగలేనని బయటపడితే బొమ్మ పోతుంది, అది సరే. ముప్ఫై నాలుగేళ్ళుగా వెనక్కి పంపిన ప్రతి క్యాను వాడూ, పాలు తాగని వాడా మా పాలకు వంక పెట్టింది అని నిలదీస్తాడు. మాస్టారికి నిద్ర పట్టడం మానేసింది.

మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఆ జగ్గు పాతకాలపు మోటు ఆచారం, ఈసారితో మానేద్దామని నసిగి చూశాడు. మేనేజరు పడీపడీ నవ్వి, మీ అణకువకు దండం మాస్టారూ, ఈసారి జగ్గుకు మెరుగు కూడా పెట్టిస్తున్నాం అన్నాడు.

అప్పుడు తట్టింది ఉపాయం. జగ్గు నింపే అధికారం పరీక్ష చేసేవాడిది. ఆ రోజు సాయంత్రం దాకా ఆ ఉద్యోగం తనదే. పరీక్షగది తలుపు వేసుకుని ఏం నింపుకున్నా చూసేవాడు లేడు. తెల్లగా ఉండి కడుపును ఏమీ చెయ్యనిది కావాలి. అలాంటిది దొరికేది ఒకటే చోట. ఎదురు దుకాణంలో.

బుధవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర, పళ్ళెంలోకే చూస్తూ మాట కదిపాడు.

"రేపు మీ అక్క కనపడితే ఒక లీటరు సీసా అడుగు. ఓట్స్‌ది."

పదకొండేళ్ళ తర్వాత ఆయన నోట "మీ అక్క" అన్న మాట వినపడేసరికి ఆవిడ గరిటె దించింది. "ఎవరికని అడగను?"

"నాకని మాత్రం చెప్పకు."

"మరి పిల్లికని చెప్పనా? మనకి పిల్లి లేదని దానికి తెలుసు." ఆవిడ గొంతు తగ్గించి, "మీకు పడదని మీరు తప్పించుకుంటున్నారు, బావుంది. ఆ రోజు మా బావగారికి పడదని తెలిసే ఇచ్చారా జగ్గు?" అని అడిగింది.

"నాకేం తెలుసు? ఆయన కడుపులో దూరి చూశానా?"

ఆవిడ ఆయన మొహం వంక చూసింది. ఆ చూపు క్యాను మూత ఎత్తి చూసినట్టే ఉంది. తర్వాత పళ్ళేలు తీసుకుని లేచిపోయింది.

గురువారం మార్కెట్టు సంచిలో, ఆకుకూర కింద, పేపరులో చుట్టిన సీసా వచ్చింది. ఆవిడ దాన్ని ఫ్రిజ్‌లో పెట్టింది. శుక్రవారం పొద్దున, సభ రోజు, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చిన మాస్టారి ముందు ఆ సీసా బల్ల మీద పెట్టి నిలబడింది.

"మూత వాసన చూడరా? ఇన్నేళ్ళలో మీరు ముక్కు పెట్టకుండా ముట్టుకున్నది ఏదీ లేదు."

"గింజలు కడిగిన నీళ్ళకి నా ముక్కు కావాలా? ఆ వెధవ సీసాకి అంత గౌరవం ఎందుకు?"

"మీ ఇష్టం" అని ఆవిడ సీసాను సంచిలో పెట్టి ఇచ్చింది. తను వెనకాల వస్తానంది, అక్కతో కలిసి.

ఆ రోజు గట్టు మీద చివరి క్యానుకు మూత ఎత్తి, ఒక గుక్క ఉమ్మి, పరీక్షగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. ఆ గది గోడలకే పాలవాసన. ముప్ఫై నాలుగేళ్ళుగా రోజూ చిందిన పాలు అక్కడి సున్నంలోకి కూడా ఇంకాయి. బయట డ్రైవరు తలుపు తడుతున్నాడు, రండి మాస్టారూ, అందరూ వచ్చేశారని. మాస్టారు మొహం పక్కకు తిప్పుకుని, శత్రువు సరుకును చూడటమే నామోషీ అన్నట్టు, సీసా మొత్తం జగ్గులోకి వంచేశాడు. ఓరకంట చూస్తే అనుకున్నదానికంటే తెల్లగానే ఉంది. సుద్ద కలిపి ఉంటాడు దొంగ, అనుకున్నాడు.

హాలు కిటకిటలాడుతోంది. రైతులు, డ్రైవర్లు, ప్యాకింగ్ ఆడవాళ్ళు, పాత ఉద్యోగులు. ఇన్నేళ్ళూ ఏ సభకూ రాని బాయిలరాయన ఈసారి వచ్చాడు. గడ్డం నున్నగా గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉన్న ఒకే ఒక తలుపు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మాస్టారిని చూసి తల ఊపాడు. పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా తీరిగ్గా, తృప్తిగా ఉన్నాడు. ఆ తృప్తి చూడగానే మాస్టారికి అర్థమైంది, సీసా ఎవరికోసమో ఇతనికి తెలుసు. వాళ్ళావిడ చెప్పేసింది. తెలిసే పంపాడు, తెలిసే చూడటానికి వచ్చాడు. అందరి ముందూ తన ఓట్స్ తాగించి, ఆ తర్వాత మైకు పట్టుకుని చెబుతాడు. చెప్పనీ. జగ్గు ఖాళీ అయ్యాక రుజువేముంది? పగవాడి మాట ఎవడు నమ్ముతాడు?

మాస్టారు జగ్గు రెండు చేతులా ఎత్తాడు. అంచు పెదవికి తగిలింది. అప్పుడు ముక్కు దాని పని అది చేసింది.

ఓట్స్ కావు. పాలు. ఆవుపాలు, తమ డెయిరీవే, వెన్న తీయనివి. కాచి చల్లార్చినవి. ఇంకా ఏదో ఉంది, చాలా సన్నగా, ఒక మూలన. మాడు. ఒకవైపే పట్టిన మాడు. సొట్టగిన్నె మాడు.

జగ్గు అంచు మీదుగా చూశాడు. రెండో వరసలో అక్క పక్కన ఆయన భార్య కూర్చుని ఉంది. ఆయన వంకే చూస్తోంది. రెప్ప వెయ్యలేదు.

ఇక్కడ దించెయ్యొచ్చు. ఒంట్లో బాగాలేదనొచ్చు. ఈ జగ్గును దించి బతికి బయటపడినవాడు ఇంతవరకు లేడు, అలాంటివాణ్ణి ముందుగా ఎగతాళి చేసేవాడు తనే అయి ఉండేవాడు. తలుపు దగ్గర బాయిలరాయన ముందుకు వంగాడు. ఆ వంగడం చూసి మాస్టారి ఒళ్ళు మండింది. వీడి కళ్ళముందు దించడమా, అనుకుని ఎత్తిన జగ్గు ఎత్తినట్టే గటగటా తాగేశాడు. పద్దెనిమిదేళ్ళ తర్వాత గొంతు దిగిన పాలు. బాగున్నాయి కూడా, అదొక బాధ. ఖాళీ జగ్గు తలకిందులుగా చూపించాడు. హాలు దద్దరిల్లింది.

మేనేజరు మాట్లాడాడు. పేపరు తిన్న ఆవు కథ చెప్పాడు, పేజీ మార్చి చెప్పాడు. డ్రైవరు మాట్లాడాడు. గోడగడియారం బహుమతిగా ఇచ్చారు. మాస్టారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని ముల్లునే చూస్తూ కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు. ముప్ఫై. కడుపులో ముందు చిన్న సణుగుడు, తర్వాత ఇద్దరు మనుషులు బీరువా జరుపుతున్నట్టు చప్పుడు. చెమట చెవుల వెనక నుంచి కాలర్లోకి దిగుతోంది.

ముప్ఫై ఐదో నిమిషంలో మైకు బాయిలరాయన చేతికి వెళ్ళింది. ఆయన లేచి తలుపుకు వీపు ఆనించి, తాపీగా మొదలుపెట్టాడు.

"మా తమ్ముడి గొప్పతనం నేను చెప్పాలా? ఈ రోజు మా తమ్ముడు తాగింది మామూలు పాలు కాదండీ. వాటి సంగతి ఈ హాల్లో అందరికంటే నాకు బాగా తెలుసు. అవి ఎక్కడ పుట్టాయో, ఎవరు రుబ్బా..."

సరిగ్గా అప్పుడే మాస్టారి కడుపు కూసింది. సణుగుడు కాదు, కూతే. ముందు వరస రైతులు ఏదో బండి వచ్చిందనుకుని కిటికీ వైపు చూశారు. కానీ బాయిలరాయన పాతికేళ్ళు బాయిలరు పక్కన కూర్చున్న మనిషి. లోపల ఒత్తిడి ఎంతుందో, ఇంకెన్ని నిమిషాలు ఆగుతుందో, ముల్లు చూడకుండా చెవితో చెప్పేవాడు. ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. మాస్టారి నుదుటి వంక చూశాడు. ఖాళీ జగ్గు వంక చూశాడు. రెండో వరసలో మరదలి వంక చూశాడు. ఆవిడ చేతులు ఒళ్ళో కట్టుకుని నిటారుగా ఉంది. ఓట్స్ ఏ మనిషినీ ఇలా కూయించవని ఆయనకు తెలుసు. చెప్పాలని తెచ్చుకున్న ఉపన్యాసం అంతా ఆయన మొహంలోంచి జారిపోయింది.

మాస్టారు లేచాడు. తలుపు దాకా వచ్చాడు. బాయిలరాయన కదల్లేదు. మైకు ఇంకా ఆయన గడ్డం కిందే ఉంది.

"వెళ్దువుగాని తమ్ముడూ. ఒక్కటే అడుగుతాను. ఆ రోజు నవ్వుతూ జగ్గు నా చేతికిచ్చావు. నాకు పడదని నీకు తెలుసా, తెలియదా?"

హాల్లో తలలన్నీ మాస్టారి వైపు తిరిగాయి.

తెలియదంటే సరిపోతుంది. బాయిలరాయన అడిగింది జవాబే కానీ నిజమే చెప్పాలని షరతు పెట్టలేదు. తెలియదు, క్షమించు అన్నయ్యా అంటే జనం కళ్ళు తుడుచుకుంటారు, దారి వదులుతాడు, బయట వ్యాను మీద గుడ్డ లేస్తుంది. భార్యతో బుధవారం అన్న మాటే కదా, ఇంకోసారి అనడమే. నోరు తెరిచాడు. తెరిచేసరికి ఎదురుగా రైతులు కనిపించారు. మూత ఎత్తి ఏ పేజీ తిన్నదో చెప్పిన మనిషి, పక్కగదిలో పనిచేసే తోడల్లుడికి పాలు పడవని కనిపెట్టలేకపోయాడని వీళ్ళనుకోవాలి. ముక్కు మాస్టారికి తెలియలేదని. ఈ మాట తన నోటితో, మైకులో, తనే చెప్పాలి.

అది మాత్రం ఆయన వల్ల కాలేదు.

"తెలుసు" అన్నాడు. "నాకు తెలియకపోవడమేమిటి? బాయిలరు గదిలో నీ సీసా మూత ఎత్తిన రోజే తెలుసు. నాకూ పడదు కాబట్టి ఇంకా బాగా తెలుసు. తెలిసే ఇచ్చాను. ఇప్పుడు తప్పుకో."

ప్రతి ముక్కా మైకులో పడింది. వెనక వరసలో నిలబడ్డ వాళ్ళక్కూడా వినపడింది.

బాయిలరాయన తప్పుకున్నాడు. దణ్ణం పెట్టలేదు, తిట్టలేదు. ఒక మనిషి పట్టేంత సందు, అంతకు వేలెడు ఎక్కువ కాకుండా వదిలాడు. మాస్టారు మెట్లందుకున్నాడు. పంతం గొప్పది, ఐదో మెట్టు దాటాడు. ఆరు, ఏడు కూడా దాటాడు. ఇప్పుడు ఆ డెయిరీలో రెండు మెట్లకు పేర్లున్నాయి.

వ్యాను మీది గుడ్డ ఆ రోజు లేవలేదు. మర్నాడు పెయింటరు వచ్చి మొహం మీద నీలం రంగు కొట్టాడు. ఎవరో తొందరపెట్టారేమో, గ్లాసు, నురగమీసం వదిలేశాడు. ముక్కూ మొహం లేని ఒక తెల్లమీసం ఇప్పటికీ వీధి వీధీ తిరిగి పాలు పోస్తోంది. ఆయన వెనక్కి పంపిన క్యాన్ల రైతులు మాత్రం ఒక్కొక్కరూ ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, అడగాల్సినవి అడిగి వెళ్ళారు.

తర్వాతి గురువారం పొద్దున భార్య సొట్టగిన్నెలో తన పాలు కాచుకుంటోంది. ఆ వాసనకు మాస్టారు ఈసారి వీధిలోకి పోలేదు, వీధిలో మనుషులున్నారు. గుమ్మానికి ఆనుకుని, ఇన్ని రోజులుగా నమిలిన మాటను బయటికి ఉమ్మాడు.

"ఎందుకు చేశావు?"

"తెలియదన్నారు కదా నాతో. తెలుస్తుందేమో చూద్దామనుకున్నాను."

"మరి వాడు పంపిన సీసా?"

"బావగారు మంచివే పంపారు. కుండీల్లో పోశాను. మొక్కలు బాగానే ఉన్నాయి." ఆవిడ పాలు దించి, స్టవ్ ఆపి, చెప్పులేసుకుంది. చేతిలో కూరగాయల సంచి లేదు. "మా అక్క వాళ్ళింటికి వెళ్తున్నాను. పొద్దుపోతుంది. టీ డికాక్షను కాచి పెట్టాను. బల్ల మీద సీసా ఉంది. కావాలంటే కలుపుకోండి, వద్దంటే మానెయ్యండి."

తలుపు వేసి వెళ్ళిపోయింది. మాస్టారు చాలాసేపు ఆ సీసాను గుడ్లురిమి చూశాడు. చివరికి దగ్గరికి లాక్కుని, మూత తిప్పి, అది లేచిన క్షణంలోనే ముక్కు పెట్టాడు.

ఓట్సే. కల్తీ లేదు. నాసిరకం కాదు. కానీ కచ్చితంగా రెండు గంటలు ఎక్కువ నానాయి. అందుకే అడుగున ఆ జిగురు వాసన. పని చేతకాని వెధవ.

ఆ మాట చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.